చంకబిడ్డలున్న తరగతి

మా పేటలోని బాలవాడి, అంటే పసిపిల్లల బడి, నావల్లే వచ్చిందని అందరూ చెప్పుకుంటారు. ఈ మధ్య దానికి సున్నం కొట్టించి, ముందు చిన్న వరండా దించినప్పుడు సభ లాంటిది పెట్టారు. నన్ను ముందు వరసలో కూర్చోబెట్టి శాలువా కప్పారు. మాట్లాడినాయన నా గురించి చెబుతూ, "అయిదో తరగతితో చదువు ఆగిపోయినా లైబ్రరీలో పుస్తకాలు చదివి, తల్లులందరి తరఫునా నిలబడి మాట్లాడి, ఈ బాలవాడిని తెచ్చిన అమ్మ" అన్నారు. చప్పట్లు కొట్టారు. ఫోటో తీశారు.

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. నేను అయిదో తరగతితో ఆగిపోయినదాన్నే. పుస్తకాలు చదివినదాన్నే. బాలవాడి నేను అడిగితేనే వచ్చింది. అయినా ఫోటో తీయగానే ఆ శాలువా భుజం మీంచి తీసేశాను. ఆ సభలో చెప్పని సంగతి ఒకటుంది. అదేమీ రహస్యం కాదు. ఆ రోజుల్లో పేటలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. కానీ ఆ రోజుల్లో ఉన్నవాళ్ళు తగ్గిపోతున్నారు. ఇక ముందు ఫోటో మాత్రమే మిగిలితే, చూసినవాళ్ళు దాన్నే నమ్ముతారు. అందుకని, బాలవాడి రావడంవల్ల ఒక ఆడపిల్ల చదువు ఏమైందో కూడా నేనే రాసి పెట్టాలి.

మాది గోదావరి వైపు. డెబ్భైల మొదట్లో మా ఆయనకు విశాఖ పోర్టులో పని దొరికి, జాలరిపేటకీ మెయిన్ రోడ్డుకీ మధ్యనున్న సందులో ఒక పోర్షన్ అద్దెకు తీసుకున్నాం. అటు వాళ్ళకు మేము "గోదారోళ్ళం". ఇటు మేడ మీద ఓనర్లకు "కింద పోర్షన్ వాళ్ళం". నేను ఎవరినైనా "అండీ" అనే పిలుస్తాను, పిలిస్తే "ఆయ్" అంటాను. అది మా వైపు అలవాటు. మా గుమ్మంలో చేపల గంప దించే ఆమెకు అదే పెద్ద వినోదం.

"ఏమండీ, ఇవాళ కానాగంతలు తాజావేనాండీ?" అని అడిగితే ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని నవ్వేది.

"ఓలమ్మ, నన్ను అండీ అన్నావు సరే. మరి సేపని కూడా అండీ అంటావేటి? ఓ సేపండీ, నూనెలోకి దిగండీ, అంటావేటి?"

"మా ఏటి చేపకైతే అలాగే అంటామండీ. మీ సముద్రం చేపకు అంత మర్యాద ఎందుకూ?"

"సూడు సూడు, ఉప్పు నీల్లంటే ఎంత సులకనో ఈయమ్మకి!"

ఆమె తెల్లారకముందే తెప్పలు వచ్చే వేళకు ఒడ్డుకు వెళ్ళి, వేలంపాటలో చేప కొనుక్కుని, గంప నెత్తినెట్టుకుని సీతమ్మధార దాకా నడిచేది. అక్కడి ఇళ్ళల్లో అమ్ముకుని, మధ్యాహ్నం తిరిగొస్తూ మిగిలినవి మా సందులో అమ్మేది. ఇంట్లో ఏడాది పిల్లాడు. మొగుడు సముద్రం మీద. పెద్ద కూతురే ఆ పిల్లాడికి తల్లి. ఆ కూతురు గురించే నేను రాస్తున్నాను.

ముందు నా చదువు సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే నేను చేసిన పని అర్థం కాదు. మా ఊళ్ళో నేను అయిదో తరగతి చదువుతుండగా తమ్ముడు పుట్టాడు. మా అమ్మ నాట్లకు వెళ్ళేది. వాడిని చంకనేసుకుని బడికి వెళ్తే మాస్టారు గుమ్మంలోనే ఆపేశారు. "వాణ్ణి దించేసిరా, లేదా నువ్వు మానెయ్" అన్నారు. ఎక్కడ దించాలి? మానేశాను. చాలా ఏళ్ళ తరువాత, ఇక్కడికొచ్చాక, మెయిన్ రోడ్డు మీది శాఖా గ్రంథాలయంలో ఆడవాళ్ళకు వేరే బల్ల ఉందని తెలిసింది. మా ఆయన డ్యూటీకి, మా అమ్మాయి బడికి వెళ్ళగానే వంటింటి తలుపు వేసి అక్కడికి పోయేదాన్ని. పదకొండుకు మూసేవాళ్ళు. మొదట కథలు చదివాను. తరువాత వైద్యం, చరిత్ర, రాజ్యాంగం, పిల్లల పెంపకం. అర్థం కానివి కూడా వదలకుండా చదివాను. పద్నాలుగేళ్ళ వయసు వరకు పిల్లలందరికీ ఉచితంగా, నిర్బంధంగా చదువు చెప్పించాలని రాజ్యాంగంలో రాశారని చదివిన రోజున, ఇంటికొచ్చి మా ఆయనకు అన్నం పెడుతూ చెప్పాను. ఆయన ముద్ద మింగి, "నిన్ను బడి మాన్పించినందుకు ఎవరి మీద కేసు పెట్టాలంటావ్? మీ తమ్ముడి మీదా?" అన్నారు. నేను నవ్వలేదు. నిజంగానే నాకు కోపం తమ్ముడి మీద ఉండేది.

మా అమ్మాయి చదివే మున్సిపల్ బడి మా సందు చివరే. ఏడో తరగతి దాకా ఉండేది. ఏడులో పబ్లిక్ పరీక్ష రాసి పాసైతేనే హైస్కూలు. ఆఖరి గదిలో ఆరు, ఏడు కలిపి కూర్చునేవి. ఆ గది పంతులమ్మగారిది. ఆమె ఈ ఊరి మనిషే. ఎక్కువ మాట్లాడేది కాదు.

ఆ గదిని నేను మొదటిసారి చూసింది మా అమ్మాయికి టిఫిను డబ్బా ఇవ్వడానికి వెళ్ళినప్పుడు. దూలానికి ఒక ఊయల వేలాడుతోంది. చీరతో కట్టింది కాదు, చేపల వలతో కట్టింది. చిరిగిన పాత వలను నాలుగు మడతలు వేసి, లోపల గోనెగుడ్డ పరిచి, రెండు కొసలూ పైకి లాగి కట్టారు. అందులో ఇద్దరు పసివాళ్ళు ఒకళ్ళ కాళ్ళు ఒకళ్ళ మీద వేసుకుని నిద్రపోతున్నారు. ఊయలకు కట్టిన తాడు ఇంకో చివర నేల మీద కూర్చున్న ఒక పిల్ల కాలి బొటనవేలికి చుట్టి ఉంది. ఆ పిల్ల పలక మీద లెక్క చేస్తూనే కాలు ఆడిస్తోంది. ఆమె అలిసిపోతే తాడు పక్క పిల్ల కాలికి మారేది. జాలర్ల ఇళ్ళ ఆడపిల్లలందరికీ ఇంట్లో ఒక చంటివాడు ఉండేవాడు. పంతులమ్మగారు వాళ్ళను తీసుకురమ్మనేది. ఎవరైనా పసివాడు లేస్తే తరగతి మొత్తం గొంతెత్తి ఎక్కాలు చెప్పేది. కాస్సేపటికి మళ్ళీ పడుకునేవాడు.

ఆ రోజు తాడు కాలికి చుట్టుకుని కూర్చున్న పిల్ల మా గుమ్మంలో చేపలమ్మే ఆమె కూతురు. ఆరో తరగతి. ఊయలలో ఒకడు ఆమె తమ్ముడు. వాడు లేచి ఏడిస్తే తీసి ఒళ్ళో వేసుకుంది. వాడు ఆమె జడ పట్టుకుని లాగుతుంటే తల ఒక పక్కకు వంచి, అలాగే లెక్క పూర్తి చేసింది.

నన్ను నేను చూసుకున్నాననుకున్నాను. బిడ్డను బిడ్డ పెంచకూడదని, దానివల్ల ఇద్దరి బాల్యమూ పోతుందని అంతకుముందు వారమే చదివి ఉన్నాను. ఇంటికొచ్చి ఆ పుస్తకం మళ్ళీ తీసి ఆ పేజీ చదివాను. నా బడిలో మాస్టారు గుమ్మంలో ఆపేశారు. ఈ పంతులమ్మ ఆపలేదు. ఎంత పెద్ద తేడా! అది నాకు కనపడలేదు. చంకలో తమ్ముడొక్కడే కనిపించాడు.

బడిలో తల్లిదండ్రుల సంఘం ఒకటి పెట్టారు. మాట తడబడకుండా మాట్లాడుతుందని నన్ను అందులో వేశారు. ఆ ఏడాది బడులను చూసే ఆఫీసరుగారు వస్తున్నారని, తల్లిదండ్రులతో కూడా మాట్లాడతారని కబురొచ్చింది. ఎన్ని గంటలకు పెట్టమంటారని పంతులమ్మగారు నన్ను అడిగింది. "పదకొండు దాటాక పెట్టించండి. అప్పటికి అందరికీ పనులవుతాయి" అన్నాను. అందరికీ అంటే నాకు. పదకొండుకు లైబ్రరీ మూస్తారు. ఆ వేళకు చేపలమ్మే తల్లులందరూ సీతమ్మధారలోనో, ఇంకెక్కడో గంపలు దించి ఎత్తుకుంటూ ఉంటారని నాకు తెలుసు. రోజూ మధ్యాహ్నం నా గుమ్మంలోకి వచ్చేది వాళ్ళే కదా. తెలిసీ తట్టలేదు.

ఆ రోజు గదిలో ఊయల లేదు. ఆఫీసర్లు వచ్చినప్పుడల్లా పంతులమ్మగారు దాన్ని విప్పి బీరువా వెనక పెట్టించేదట, పసివాళ్ళను పక్క ఇంట్లో ముసలామె దగ్గర కూర్చోబెట్టించేదట. నాకది తెలియదు. ఆఫీసరుగారు పెద్దమనిషి, నెమ్మదస్తుడు. "తల్లిదండ్రులు ఏమైనా చెప్పాలనుకుంటే చెప్పండి" అన్నారు. మగవాళ్ళు కుళాయి గురించి, ప్రహరీగోడ గురించి చెప్పారు. నేను లేచాను.

రాజ్యాంగంతో మొదలుపెట్టాను. ఉచిత నిర్బంధ విద్య అంటే ఏమిటో, ఆడపిల్ల చంకలో బిడ్డతో బడికి వస్తే అది నిర్బంధమే గాని విద్య ఎలా అవుతుందో చెప్పాను. పసివాళ్ళకు బాలవాడి కావాలన్నాను. ఉన్నవాళ్ళ పిల్లలు కాన్వెంటుకు చేతులు ఊపుకుంటూ వెళ్తుంటే లేనివాళ్ళ పిల్లలు చంకన బరువుతో ఎందుకు చదవాలన్నాను. గది నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దం నాకు రుచించింది.

"ఇక్కడ పిల్లలు నిజంగా పసివాళ్ళను తెస్తున్నారా అమ్మా?" అని ఆఫీసరుగారు అడిగారు.

నేను పైకి చెయ్యి చూపించాను. దూలం మీద తాడు ఒరుసుకుని నున్నగా అరిగిన గీత ఉంది. "అదిగోండి. రోజూ అక్కడ ఊయల వేలాడుతుందండి" అన్నాను.

ఆయన పైకి చూశారు. తరువాత పంతులమ్మగారి వైపు చూశారు. ఆమె చేతిలో సుద్దముక్క ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి, చేతులు దులుపుకుంది.

"తల్లులేమంటున్నారు దీనికి?" అని ఆయన అడిగారు.

"తల్లుల తరఫునే చెబుతున్నానండి" అన్నాను.

ఆయన వెళ్ళేముందు నా దగ్గరకొచ్చి, "మీరు ఎంతవరకు చదువుకున్నారమ్మా?" అన్నారు. "అయిదో తరగతండి. మిగతాది లైబ్రరీలో" అన్నాను. ఆయన రెండు చేతులూ జోడించారు. ఆ రాత్రి మా ఆయనతో ఈ మాట ఎన్నిసార్లు చెప్పానో. ఆఖరికి ఆయన, "విన్నానే తల్లీ, జోడించాడు. పోర్టు సైరన్ అయినా కాసేపటికి ఆగుతుంది" అని దుప్పటి ముసుగేసుకున్నారు.

అడిగినంత త్వరగా ఏ పనీ జరగదని పుస్తకాల్లో చదివాను. ఇది జరిగింది. కొన్ని నెలలు తిరక్కుండానే మెయిన్ రోడ్డు వైపు ఒక గది తీసుకుని బాలవాడి తెరిచారు. బొమ్మలు, రంగుల చార్టులు, మధ్యాహ్నం ఉప్మా. తెరిచిన రోజు పిల్లలందరికీ నేనే మిఠాయి పంచాను. బాలవాడి వచ్చింది కనుక ఇకపై తరగతి గదుల్లోకి పసిపిల్లలను రానివ్వకూడదని బడికి ఆర్డరు కూడా వచ్చింది. మా అమ్మాయి ఇంటికొచ్చి, "అమ్మా, ఊయల తీసేశారు. వలని ఎవరో పట్టుకుపోయారు" అని చెప్పింది. మంచిదేగా అన్నాను.

ఆ మర్నాడు చేపలామె మా గుమ్మంలో గంప దించింది. కూర్చోలేదు.

"ఏటమ్మా, నీ బాలవాడోలు మూడేల్లు నిండితేగాని తీసుకోరంట."

"అదేంటండీ? పసిపిల్లల కోసమే కదండీ పెట్టింది?"

"పసోలంటే నడిసీసి, పలికీసి, ఒంటికి రెంటికి సెప్పుకునీ పసోలంట. మా గుంటడు ఏడాదోడు. పక్కింటి గుంటడు రెండేల్లోడు. ఇద్దర్నీ కలిపితే మూడేల్లవుతాది గదా, తీసుకోండి అన్నాను. ఆ బాలవాడమ్మ నవ్వింది గాని తీసుకోనేదు."

నవ్వించాలని చెప్పిందో, నిజంగానే అలా అడిగిందో తెలియదు. ఆమె నవ్వలేదు, నేనూ నవ్వలేదు. ఊయలలో పడుకున్నవాళ్ళలో మూడేళ్ళు నిండినవాడు ఒక్కడూ లేడు. మూడేళ్ళు నిండితే సందుల్లో వాళ్ళంతట వాళ్ళే ఆడుకుంటారు. ఒక అక్క చంక దిగని వాళ్ళ కోసమే ఆ ఊయల.

కొన్నాళ్ళు ఆ అమ్మాయి తమ్ముణ్ణి ఎత్తుకుని ఆఖరి గది కిటికీ బయట నిలబడి పాఠం వింది. పంతులమ్మగారు చూసీ చూడనట్టు బోర్డు కిటికీ వైపు జరిపించింది. వానలు మొదలయ్యాక చూరు కింద నిలబడటం కుదరలేదు. అప్పుడు నేను వెళ్ళి చేపలామెతో, "పిల్లాడిని నా దగ్గర వదలండీ. బడి విడిచేదాకా నేను చూస్తాను" అన్నాను.

"నీకెందుకమ్మా సెరమ?"

"నాకేం పనుందండీ? ఇంట్లోనే ఉంటానుగా."

ఇంట్లోనే ఉండనని ఆమెకూ తెలుసు. అయినా వదిలింది. ఆ అమ్మాయి పొద్దున్నే వాణ్ణి నా చేతుల్లో పెట్టి, వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ బడికి వెళ్ళింది. అప్పటికి ఏడో తరగతిలోకి వచ్చింది. వచ్చే వేసవిలోనే పబ్లిక్ పరీక్ష.

పిల్లాడు మంచివాడే. రెండు రోజుల్లో అలవాటు పడ్డాడు. పప్పన్నం పెడితే తినేవాడు. కానీ నా లైబ్రరీ పోయింది. అప్పుడు ఒక పెద్ద పుస్తకం సగంలో ఉంది. ఇంటికి ఇచ్చే పుస్తకం కాదు, అక్కడే కూర్చుని చదవాలి. వాణ్ణి ఎత్తుకుని ఒకసారి వెళ్ళాను. లైబ్రేరియన్ గారు ఏమీ అనలేదు. వాడు బల్ల కిందికి దూరి పేపరు చింపితే నేనే సిగ్గుపడి వచ్చేశాను. వాడు నిద్రపోయినప్పుడు గుమ్మంలో కూర్చుని, ఈపాటికి నా బల్ల దగ్గర ఎవరు కూర్చుని ఉంటారో అనుకునేదాన్ని.

ఒక రోజు మేడ మీద ఓనరుగారి భార్య మెట్ల మీద నిలబడి, "ఏమ్మా, చేపలోళ్ళ పిల్లాణ్ణి ఇంట్లో పెట్టుకున్నావట. పంపు దగ్గర వాడి గుడ్డలు ఉతుకుతున్నావా? అందరం తాగే నీళ్ళు కదా" అంది.

అంతకుముందు అదే మెట్ల మీద నిలబడి, దండెం మీద మా బట్టలు ఆరేయవద్దని ఆమె అంటే నేను ఊరుకోలేదు. అద్దె ఇస్తున్నవాళ్ళకు ఎండ కూడా అద్దెకిచ్చినట్టేనండి, అని గొడవ పెట్టుకుని నెగ్గాను. అంటరానితనం నేరమని ఆ చట్టం పేరుతో సహా చెప్పగలిగేదాన్ని అప్పటికి. ఆ రోజు మాత్రం తల వంచుకుని లోపలికి వచ్చేశాను.

మధ్యాహ్నం చేపలామె వచ్చాక, "మా ఓనరుగారు ఒప్పుకోవడం లేదండీ" అన్నాను. నిజమే చెప్పాను. ఆమె నా మొహం కాసేపు చూసి పిల్లాణ్ణి అందుకుంది.

"వోనరొప్పుకోపోతే నువ్వేటి సేత్తావమ్మా. ఇన్నాల్లు సూసినావు, అదే సాలు."

తరువాత రోజు పొద్దున లైబ్రరీకి వెళ్ళాను. నా పుస్తకం పెట్టిన చోటే ఉంది. గుర్తు పెట్టిన పేజీ దగ్గర తెరిచి, గంట కొట్టేదాకా తల ఎత్తకుండా చదివాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. నన్ను ఇన్నాళ్ళుగా తినేస్తున్నది ఆ హాయి. సభలో మాట్లాడినది తెలియక చేసిన తప్పు అనుకోవచ్చు. ఇది తెలియక కాదు.

ఊరికే ఉండలేక ఒకసారి ఆఫీసరుగారి ఆఫీసుకు వెళ్ళాను. ఆయన గుర్తుపట్టి కుర్చీ వేయించారు. మూడేళ్ళలోపు వాళ్ళను కూడా బాలవాడిలో తీసుకోమని, లేదంటే ఊయల మళ్ళీ కట్టుకోనివ్వమని అడిగాను.

"బాలవాడి వయసు నేను పెట్టింది కాదమ్మా, పైనుంచి వచ్చింది. ఇక ఊయలంటారా, మీరే కదమ్మా వద్దన్నారు? మీ మాటలే నేను పైకి రాశాను. బాగా చెప్పారు కూడా" అన్నారు. వెక్కిరింపు కాదు. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు.

"తల్లులను అడగలేదండి నేను" అన్నాను.

"తల్లుల తరఫున అన్నారుగా?"

కాఫీ తెప్పించారు. తాగి వచ్చేశాను.

ఆ అమ్మాయి బడికి రావడం మానేసింది. పంతులమ్మగారు సాయంత్రం వరండాలో చెబుతానని కబురు పంపింది. ఆ పిల్ల కొన్నాళ్ళు వచ్చింది. సాయంత్రాలు చేపలు ఎండబెట్టి ఎత్తే పని ఉండేది, అది కూడా ఆగింది. పరీక్షకు పేర్లు పంపే సమయానికి హాజరు చాలదన్నారు. పంతులమ్మగారిని అప్పటికే ఊయల గురించి సంజాయిషీ అడిగి ఉన్నారు. లేని హాజరు వేసే ధైర్యం ఆమెకు లేదు. వెయ్యమనే మొహం నాకు లేదు.

పరీక్షల రోజు పొద్దున మా అమ్మాయి స్నేహితురాళ్ళ అక్కలు అట్టలు, పెన్నులు పట్టుకుని వరసగా వెళ్తున్నారు. నేను చేపకోసం ఒడ్డుకు వెళ్ళాను. ఆ అమ్మాయి ఇసుక మీద ఎండబెట్టే కవళ్ళ చేపలు పరుస్తూ కాకుల్ని తోలుతోంది. తమ్ముడు నడక నేర్చాడు. చేపల మీదుగా పరిగెడుతున్నాడు.

"ఒరే, తొక్కీకురా గుంటడా!" అని వాణ్ణి అదిలించి, నన్ను చూసి దగ్గరకొచ్చింది.

"అమ్మగారూ, ఇయ్యాల లెక్కల పేపరేనా?"

"ఆయ్."

"ఏటేటి ఇచ్చినారో టీచరుగార్ని అడిగి నాకు సెప్తారా?"

చెబుతానన్నాను. చెప్పలేదు. పంతులమ్మగారి దగ్గరకు వెళ్ళి ఆ పేపరు అడగడానికి కాళ్ళు రాలేదు. ఆ పిల్ల మళ్ళీ నన్ను అడగలేదు. ఆ మరుసటి ఏడాది నుంచి తల్లితోపాటు గంపెత్తింది. కొత్తల్లో బరువుకు మెడ నిలిచేది కాదు. మా గుమ్మంలోకి వచ్చి, "అమ్మగారూ, ఓ సెయ్యి ఎయ్యండి" అంటే దించేదాన్ని.

అప్పటి నుంచి ఈ పదేళ్ళ పైచిలుకులో చాలా మారింది. మా వైపు నుంచి స్టీలు ప్లాంటుకని వచ్చినవాళ్ళు పెరిగారు. వాళ్ళ పిల్లలు ఆటోలో కాన్వెంటుకు వెళ్తున్నారు. మా అమ్మాయి డిగ్రీ చదివింది. ఆ అమ్మాయికి పెళ్ళయింది. ఇద్దరు పిల్లలు. పెద్దది రెండో తరగతి, చిన్నది చంకలో. బాలవాడిలో ఇప్పటికీ మూడేళ్ళు నిండితేనే తీసుకుంటారు. మొన్న సభ అయ్యాక శాలువా మడిచి సంచిలో పెట్టుకుని తిన్నగా వాళ్ళ ఇంటికే వెళ్ళాను. ఇదంతా రాయాలనుకుంటున్నానని, ఒప్పుకుంటేనే రాస్తానని చెప్పాను. పనిలో పనిగా, పెద్దదాని చదువు ఆగకుండా చిన్నదాన్ని నేను చూస్తానని అన్నాను. ఇప్పుడు మాకు పెందుర్తి రోడ్డులో సొంత ఇల్లు ఉంది, మేడ మీద ఎవరూ లేరు, కావాలంటే నేనే ఇక్కడికి వచ్చి కూర్చుంటాను అన్నాను.

ఆమె చిన్నదాని ముక్కు తుడుస్తూ, "వొద్దులెండమ్మా. మా అత్త ఉంది, సూసుకుంటాది" అంది. దాన్ని చంక మార్చుకుని, "మా యమ్మకి అత్త నేదు" అంది. అంతే.

ఇక సాయం చేసినవాళ్ళకు కృతజ్ఞత చెప్పాలి. పేర్లు రాయనని అందరికీ మాట ఇచ్చాను కనుక, నేను పిలిచే పిలుపులతోనే చెబుతాను. పెందుర్తిలో ఉంటున్న పంతులమ్మగారికి. రిటైరయ్యారు. ఊయల ఎలా కట్టేవాళ్ళో మళ్ళీ గుర్తు చేశారు. ఆ రోజు దూలం వైపు నేను చెయ్యి చూపించడం గురించి ఇప్పటికీ ఒక్క మాట అనలేదు. మూసే వేళ దాటినా గంట కొట్టకుండా ఆగిన లైబ్రేరియన్ గారికి. ఈ విడి కాగితాలను కుట్టి అట్ట వేసిచ్చిన పాత ఊరి సాయిబుగారికి. రాసినదాన్ని చదివి, "నిన్ను నువ్వు మరీ తిట్టుకున్నావే, అక్కడక్కడ నన్నూ తిట్టు" అన్న మా ఆయనకు. ఆ రోజు ఊయల సంగతి చెప్పినప్పుడు నేను మంచిదేగా అన్నానని గుర్తుచేసిన మా అమ్మాయికి. ఇప్పుడు లేకపోయినా, చేపలామెకు. ఇన్నాళ్ళు చూశావు అదే చాలని అన్నందుకు కాదు, అలా అనేముందు నా మొహం అంతసేపు చూసినందుకు.

అందరికంటే ఎక్కువగా ఆ అమ్మాయికి. రాయడం అయ్యాక ఇదంతా ఆమె అరుగు మీద కూర్చుని చదివి వినిపించాను. చిన్నదానికి పాలిస్తూ, నడుమ ఒక్కసారి కూడా ఆపకుండా వింది. అయిపోయాక ఎలా ఉందని అడిగాను.

"బాగానే రాసినారమ్మా. అన్నీ జరిగినట్టే ఉన్నాయి" అంది. "గానీ నాను బాగా సదివీదాన్నని ఎక్కడా రాయనేదేటి?"

కాగితాలు ముందుకీ వెనక్కీ తిప్పాను. తమ్ముణ్ణి మోసిందని రాశాను, కిటికీ దగ్గర నిలబడిందని రాశాను, గంపెత్తిందని రాశాను. అది మాత్రం లేదు. పంతులమ్మగారిని మళ్ళీ వెళ్ళి అడిగి, ఇప్పుడు రాస్తున్నాను. ఆమె బాగా చదివేది. లెక్కల్లో ఆ గదిలో ఆమెను మించినవాళ్ళు లేరు. తన లెక్క అయిపోగానే మిగతావాళ్ళవి దిద్దేది.